గోళ్ళున్న ఇంట్లో వెల్వెట్ సోఫా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లో పిల్లో కుక్కో ఉంది, సోఫాకి వెల్వెట్ వేయించుకోవచ్చా? ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని చుట్టూ తిరిగినవే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మాకు రెండు పిల్లులు. పాత సోఫాకి మొరటు నేత గుడ్డ ఉండేది. ఏడాది తిరక్కుండానే చేతుల అంచులన్నీ పీచులు లేచిపోయాయి. అంత మొరటు గుడ్డే ఆగకపోతే వెల్వెట్ ఏం ఆగుతుందని మా భయం. అమ్మేవాళ్ళు మాత్రం పిల్లులుంటే వెల్వెట్టే మేలంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: సగం నమ్మండి. గుడ్డ మొరటుగా ఉండటానికీ గోరుకు ఆగడానికీ సంబంధం లేదు. పిల్లి గోరు కొక్కెంలా వంగి ఉంటుంది. దానికి తగులుకోవడానికి ఏదో ఒక ఉచ్చు కావాలి. లావు దారంతో వదులుగా నేసిన గుడ్డ, ఉంగరాలు తిరిగిన దారంతో చేసే బూక్లే, ఉచ్చులు కోయకుండా వదిలేసిన టెర్రీ లాంటివన్నీ ఉచ్చుల మయం. గోరు దిగుతుంది, పిల్లి కాలు వెనక్కి లాక్కుంటుంది, దారం బయటికి వస్తుంది.

వెల్వెట్ నేత వేరు. రెండు గుడ్డల్ని ఎదురెదురుగా ఒకేసారి నేస్తూ, నూగు దారాన్ని ఆ రెంటి మధ్య అటూ ఇటూ నడిపిస్తారు. తర్వాత మధ్యలో కత్తి పోయి రెంటినీ విడదీస్తుంది. అలా తెగిన దారాల కొనలే మన చేతికి మెత్తగా తగిలే నూగు. పైన ఉచ్చు ఉండదు కాబట్టి గోరు నూగు మధ్యనుంచి జారిపోతుంది. గీకుడులో చిరుగు శబ్దమూ పట్టూ దొరకనప్పుడు చాలా పిల్లులకు ఆ చోటు మీద ఆసక్తి తగ్గుతుంది కూడా.

ఇక నమ్మకూడని సగం. నూగు కింద ఒక మూల గుడ్డ ఉంటుంది. గోరు సూటిగా గుచ్చుకుంటే దానికి చిల్లు పడుతుంది. పిల్లి సోఫా వీపు మీదినుంచి దూకేటప్పుడు వెనక కాళ్ళ గోళ్ళతో తన్నే చోట ఈ చిల్లులు చూస్తారు. నూగు పల్చగా ఉన్నా, పొడవుగా ఉన్నా ప్రమాదం ఎక్కువ. పొట్టిగా, ఒత్తుగా, మూల గుడ్డ కనపడనంత చిక్కగా ఉండాలి. నూగు కుచ్చు ఎలా కూర్చుందన్నది కూడా ముఖ్యం. ఒక్క పేక దారం (అడ్డంగా నేసే దారం) కింద మాత్రమే దూరి వి ఆకారంలో ఉన్న కుచ్చు సులువుగా ఊడుతుంది. మూడు పేకలతో అల్లుకుని డబ్ల్యూ ఆకారంలో ఉన్నది గట్టిగా నిలుస్తుంది. దుకాణంలో ఈ తేడా చెప్పేవాళ్ళు అరుదు. అందుకే కింద చెప్పిన పరీక్షలు మీరే చేసుకోవాలి.

ఏ గుడ్డ వేసినా పిల్లి గీకడం మానదు. కాలి మెత్తల్లోని గ్రంథుల వాసన అంటించడానికి, గోటి పైపొర వదిలించుకోవడానికి, ఒళ్ళు విరుచుకోవడానికి దానికి గీకుడు అవసరం. సోఫా మూలకు ఆనించి ఒక సైసల్ తాడు చుట్టిన స్తంభం పెట్టండి. ఎత్తు 80 నుంచి 90 సెంటీమీటర్లు ఉండాలి, పిల్లి నిలువునా సాగి గీకినా ఊగకూడదు. ఊగే స్తంభాన్ని అది రెండోసారి ముట్టదు. ఇంకో గదిలో మూలన పెట్టినా ఉపయోగం లేదు. ముందు సోఫా పక్కనే అలవాటు చేసి, తర్వాత రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరపవచ్చు.

ప్రశ్న: పాలిస్టర్, కాటన్, విస్కోస్ వెల్వెట్లు పక్కపక్కన పెట్టి చూపించారు. కంటికి విస్కోసే బాగుంది. పెంపుడు జంతువులున్న ఇంటికి ఏది?

జవాబు: కంటికి విస్కోస్ బాగుండటం సహజం, ఆ మెరుపు పట్టుకు దగ్గరగా ఉంటుంది. అయినా దాన్ని పక్కన పెట్టేయండి. విస్కోస్ తడిస్తే దాని బలం చాలా పడిపోతుంది. తడి మూతితో కుక్క రాసుకున్నా, పిల్లి నీళ్ళ గిన్నె తొణికినా నూగు అణిగి గట్టిపడుతుంది, ఆరాక అంచు మచ్చ మిగులుతుంది. మామూలు నీళ్ళే మచ్చ అయ్యే గుడ్డ మీద మూత్రం, వాంతి సంగతి చెప్పక్కర్లేదు. చీటీ మీద విస్కోస్ బదులు రేయాన్ అని ఉన్నా అదే జాతి.

కాటన్ వెల్వెట్‌కి మెరుపు తక్కువ, రంగు లోతుగా ఉంటుంది, ఒంటికి హాయి. కానీ తడిని పీల్చేస్తుంది, ఎండకు వెలుస్తుంది, కుక్క రోజూ పడుకునే చోట నూగు అణిగి మళ్ళీ లేవదు. కుక్కో పిల్లో ఎక్కని కుర్చీకి వేసుకోండి.

మీకు సరిపోయేది పాలిస్టర్. ఆ పోగు నీటిని పీల్చదు కాబట్టి తడి కొంతసేపు పైనే ఉంటుంది, మీకు గుడ్డ తెచ్చుకునే వ్యవధి దొరుకుతుంది. అణిగిన నూగు చాలావరకు తిరిగి లేస్తుంది. దీనికీ రెండు లోపాలున్నాయి. ఒకటి జిడ్డు. నీటిని వద్దనే పాలిస్టర్ నూనెను మాత్రం రమ్మంటుంది. కుక్క ఒంటి జిడ్డు వారాల తరబడి చేరి, తల ఆనించే చోట నల్లటి మెరుపుగా కనిపిస్తుంది. రెండు, పొడి గాలిలో స్థిర విద్యుత్తు పుట్టి వెంట్రుకల్ని లాక్కుంటుంది.

మేక బొచ్చుతో చేసే మోహేర్ వెల్వెట్ వీటన్నింటికన్నా గట్టిది. ఎంత నలిగినా లేచి నిలబడుతుంది. ఖరీదుకు వెనకాడకపోతే మంచి ఎంపికే. కాకపోతే అది జంతువు బొచ్చు. వాడకుండా మూలన పడేస్తే ఉన్ని పురుగు పట్టే అవకాశం ఉంది.

పేరు చూసి మోసపోకండి. వెల్వెట్ అని అమ్మేవాటిలో మూడు వెల్వెట్ కానివి ఉంటాయి. మొదటిది ఫ్లాక్, అంటే గుడ్డ మీద జిగురు పూసి దాని మీద పొట్టి పోగులు నిలబెట్టింది. కుక్క రెండు నెలలు గోకితే బట్టతల అవుతుంది. రెండోది వెలూర్, అది ఎక్కువగా నేత కాదు అల్లిక, లాగితే సాగుతుంది. పల్చటిదైతే కుషన్ మీద వదులై ముడతలు పడుతుంది. మూడోది షెనీల్. అందులో ఒక్కో దారమే గొంగళిపురుగులా నూగుతో ఉంటుంది. గోరు తగిలితే దారం దారమే బయటికి వచ్చేస్తుంది.

ప్రశ్న: చీటీ మీద మార్టిన్‌డేల్ 40,000 అని రాసుంది. అంటే గోళ్ళకు 40,000 సార్లు ఆగుతుందనా?

జవాబు: కాదు. మార్టిన్‌డేల్ అన్నది ఒక అరుగుదల పరీక్ష. అందులో గుడ్డ ముక్కను ఉన్ని గుడ్డకేసి ఒత్తిడితో రుద్దుతారు. నూగు గుడ్డలకైతే నూగు అరిగిపోయేదాకా ఎన్ని రుద్దులు పట్టాయో ఆ లెక్క. కూర్చుని లేచే అరుగుదలకు అది కొలత. గోరు తగులుకోవడం గురించి ఆ అంకె ఒక్క ముక్క కూడా చెప్పదు. ఇంట్లో రోజూ వాడే సోఫాకు 25,000, కుక్క కూడా అందులోనే కాపురం ఉంటే 30,000 పైన చాలు. 40,000కీ 1,00,000కీ తేడా మీ ఇంట్లో మీకు తెలియదు. వైజెన్‌బీక్ అనే మరో అరుగుదల పరీక్ష అంకె కనిపించవచ్చు. దాని పద్ధతి వేరు, ఈ అంకెను ఆ అంకెలోకి మార్చే సూత్రం లేదు, రెంటినీ పోల్చకండి.

దానికన్నా మీకు పనికొచ్చే అంకెలు రంగు గట్టితనానివి. రుద్దుడుకు రంగు 1 నుంచి 5 మెట్ల మీద చూస్తారు. పొడిగా 4, తడిగా 3 లేదా 4 ఉండాలి. తడి కుక్క పడుకునే సోఫాకు తడి అంకె ముఖ్యం. ఎండకు రంగు 1 నుంచి 8 మెట్లు. కిటికీ పక్కన వేస్తే 5కు తగ్గనివ్వకండి.

శుభ్రం చేసే గుర్తు కూడా అడిగి తీరండి. డబ్ల్యూ అంటే నీళ్ళతో చేయవచ్చు. ఎస్ అంటే నీళ్ళు లేని డ్రైక్లీనింగ్ ద్రావకంతోనే. డబ్ల్యూఎస్ అంటే రెంటితోనూ. ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప మరేదీ కుదరదు. జంతువులున్న ఇంటికి డబ్ల్యూ లేదా డబ్ల్యూఎస్ మాత్రమే. ఎస్ గుర్తున్న గుడ్డ మీద మూత్రం పడితే దాన్ని నీళ్ళు లేకుండా వదిలించే దారి లేదు.

ప్రశ్న: నమూనా ముక్క ఇస్తామన్నారు. ఇంట్లో దాన్ని ఎలా పరీక్షించాలి?

జవాబు: అరచేయంత ముక్కతో పని జరగదు, 30 సెంటీమీటర్ల చదరం అడగండి. ముందు ముక్కను వేలి మీద నూగు బయటికి వచ్చేలా మడవండి. మడత మీద మూల గుడ్డ గీతలా కనబడితే నూగు పల్చన అన్నమాట. సోఫా చేతుల అంచుల దగ్గర ఇదే కనబడుతుంది, పిల్లికి మొదట దొరికేదీ అక్కడే. తర్వాత ఒక పిన్నీసు తెరిచి, గుచ్చకుండా వాలుగా పట్టుకుని నూగు మీద నాలుగు వైపులా లాగండి. జారిపోవాలి. ఎక్కడైనా పట్టుకుంటే గోరూ పట్టుకుంటుంది. జిగురు టేపు ఒకటి అతికించి చటుక్కున పీకండి. మొదటిసారి కొన్ని పోగులు రావడం మామూలే, కత్తిరింపులో మిగిలినవి. అదే చోట అయిదోసారి కూడా టేపు నిండా పోగులు వస్తుంటే ఆ గుడ్డ వద్దు.

నీటి పరీక్షకు అర చెంచా నీళ్ళు పోసి నిమిషం చూడండి. పైన ముత్యాల్లా నిలిస్తే మంచిదే, ఇంకినా కంగారు లేదు. అసలు చూడాల్సింది మర్నాడు. పూర్తిగా ఆరాక అంచు గీత కనిపిస్తుందా, నూగు గట్టిపడిందా? తెల్లటి తడి గుడ్డతో 20 సార్లు రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. ఒక మూల మీద నిండు నీళ్ళ గ్లాసు రాత్రంతా ఉంచి, పొద్దున్న తీశాక గుర్తు ఎంతసేపటికి పోతుందో గమనించండి. గంటలో పోతే బాగు, బ్రష్ చేసినా పోకపోతే కుక్క పడక అచ్చు జీవితాంతం ఉంటుంది.

ఆఖరిది, అందరూ మరిచిపోయేది. ఆ ముక్కను మీ జంతువు పడుకునే చోట నాలుగు రోజులు పరచండి. మీ కుక్క బొచ్చు ఆ గుడ్డ మీద ఎలా కూర్చుంటుందో ఏ చీటీ మీదా రాసి ఉండదు.

ప్రశ్న: మాది తెల్ల పొట్టి బొచ్చు కుక్క. వెల్వెట్ మీద వెంట్రుకలు పైపైనే ఉంటాయి, ఇట్టే తుడిచేయవచ్చు అన్నారు. ముదురు నీలం తీసుకున్నాం. ఇప్పుడు వాక్యూమ్‌కి కూడా రావడం లేదు.

జవాబు: ఆ మాట పొడవాటి, సన్నటి వెంట్రుకలకు నిజం. అవి నూగు మీద అడ్డంగా పడి ఉంటాయి. పొట్టిగా, బిరుసుగా ఉండే బొచ్చు సూదిలా నూగులోకి నిలువుగా దిగుతుంది. వాక్యూమ్ గాలి పైకి లాగుతుంది, నూగు పక్కలనుంచి పట్టుకుంటుంది. అందుకే రావడం లేదు.

ముందు వెంట్రుకను కదపాలి. రబ్బరు గ్లవ్ కొద్దిగా తడిపి, బాగా దులిపి, నూగుకు ఎదురుగా పొట్టి పొట్టి తోపుళ్ళతో తోయండి. వెంట్రుకలు పైకి లేచి ఉండలు కడతాయి. అప్పుడు మెత్తటి బ్రష్ మూతితో, తక్కువ పీల్పుతో వాక్యూమ్ చేయండి. చివరగా పొడి బ్రష్‌తో నూగును దాని వాలులోకి దువ్వండి. తివాచీలకు వాడే గిరగిర తిరిగే రోలర్ మూతి వెల్వెట్ మీద పెట్టకండి, నూగును పీకుతుంది. జిగురు రోలర్ అప్పుడప్పుడూ పరవాలేదు గానీ రోజూ వాడితే జిగురు మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. వారానికి రెండుసార్లు చేస్తే పది నిమిషాల పని, నెలకోసారి చేస్తే ఒక పూట.

రంగు విషయంలో ఇక చేయగలిగింది తక్కువ. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం జంతువు రంగుకు దగ్గరగా, మధ్యస్థంగా ఉండేది చూసుకోండి. తెల్ల కుక్కకు లేత బూడిద, గోధుమ వన్నె కుక్కకు తేనె రంగు. ఒకే రంగు కన్నా రెండు ఛాయలు కలిసిన నూగు బాగా దాస్తుంది. నల్ల పిల్లీ తెల్ల పిల్లీ రెండూ ఉన్నవాళ్ళకు మా సానుభూతి, నడిమి బూడిదతో సర్దుకోండి.

ప్రశ్న: పాత సోఫాకి వెల్వెట్ వేయిస్తున్నాం. గుడ్డను అడ్డంగా తిప్పి కత్తిరిస్తే రెండు మీటర్లు మిగులుతుందంటున్నాడు కుట్టేవాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. వెల్వెట్ నూగుకు ఒక వాలు ఉంటుంది. చేత్తో నిమిరితే ఒక వైపు నున్నగా, రెండో వైపు అడ్డం తగులుతుంది. ఎదురు నూగుతో చూస్తే రంగు ముదురుగా, వాలు నూగుతో చూస్తే లేతగా కనబడుతుంది. ఒక ముక్క తిరగబడిందా, అదే తాను గుడ్డ రెండు రంగుల గుడ్డలా తేలుతుంది. వీపు మీద నూగు పైనుంచి కిందికి, కూర్చునే చోట వెనకనుంచి ముందుకు, చేతుల మీద కిందికి వాలాలి. అలా ఉంటే కూర్చున్నప్పుడు నూగు దాని దారిన అది జారుతుంది, వెంట్రుకలు కూడా ముందుకు దువ్వితే వచ్చేస్తాయి. అడ్డంగా వేస్తే నూగు ఎడమనుంచి కుడికి వాలుతుంది. ఆ చివర కూర్చున్నవాళ్ళకు ఒక రంగు, ఈ చివర ఇంకో రంగు.

కత్తిరించే ముందు ప్రతి ముక్క వెనకా సుద్దతో బాణం గుర్తు వేయించండి. విడి కుషన్లున్న మూడు సీట్ల సోఫాకు 140 సెంటీమీటర్ల పన్నా మామూలు గుడ్డ 14 మీటర్ల దాకా పడితే, వెల్వెట్‌కి 10 నుంచి 15 శాతం ఎక్కువ లెక్కేసుకోండి. అంతా ఒకే విడతలో రంగు వేసిన తాను కావాలి. ఇంకో ఖర్చు కూడా చెబుతున్నాం, దీన్ని దండగ అనుకోకండి. ఒక కుషన్‌కి అదనపు తొడుగు ఇప్పుడే కుట్టించి పెట్టుకోండి. 60 సెంటీమీటర్ల చదరం, 12 మందం ఉన్న కుషన్‌కి 1.1 మీటరు సరిపోతుంది: పైదీ కిందదీ పక్కపక్కన, కుట్టు వదులుతో కలిపి 64 సెంటీమీటర్లు, చుట్టూ పట్టీకి 15 చొప్పున రెండు, జిప్ పట్టీకి మరో 10. రెండేళ్ళ తర్వాత అదే రంగు దొరకదు.

వెల్వెట్ కుట్టేటప్పుడు పై పొర జరిగిపోతుంది. దగ్గర దగ్గరగా పిన్నులు పెట్టి, నూగు వాలు వైపే కుట్టాలి, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుండీలు దిగేసిన వీపు, కుచ్చులు, వేలాడే దారాలు వద్దు. గుండీ గుంటల్లో బొచ్చు చేరి రాదు. దారాలైతే పిల్లి మింగుతుంది, మింగిన దారం పేగుల్ని మడతలు పెట్టి కోసేస్తుంది. అంచు పైపింగ్ నూగు మొదట అరిగేది కాబట్టి దాన్ని సాదా గుడ్డతో వేయించినా నష్టం లేదు.

ప్రశ్న: పిల్లి కుషన్ మీద మూత్రం పోసింది. సబ్బు నీళ్ళతో కడిగాం, ఆవిరి పట్టాం, బాగానే అనిపించింది. వాన పడిన రోజు మళ్ళీ కంపు. ఎందుకు?

జవాబు: మూత్రంలోని యూరిక్ ఆమ్లం ఆరాక స్ఫటికాలుగా మారుతుంది. అవి నీటిలో సరిగా కరగవు, సబ్బుకు లొంగవు. గాలిలో తేమ పెరిగినప్పుడల్లా వాసన తిరిగి లేస్తుంది. మీరు కడిగింది పై గుడ్డని. మూత్రం చేరింది లోపలి ఫోమ్‌లోకి. ఆవిరి వేడి మరకనూ వాసననూ పోగుల్లో ఇంకా దిగేసి ఉంటుంది.

చేయాల్సింది ఇది. తొడుగు విప్పండి. గుడ్డ గుర్తు డబ్ల్యూ అయితే చల్లటి నీళ్ళతో తడిపి పిండకుండా అద్ది తీయండి. ఫోమ్ మీద చల్లటి నీళ్ళు పోసి, రెండు చేతులతో అదిమి నీళ్ళు బయటికి తీయండి. పాత సబ్బు పోయేదాకా ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి, ఎందుకంటే మిగిలిన సబ్బులు, క్రిమిసంహారకాలు తర్వాత వేసే ఎంజైమ్‌ను పని చేయనివ్వవు. ఆ తర్వాత పెంపుడు జంతువుల మూత్రానికని అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోయండి. ఇక్కడే చాలామంది పొదుపు చేసి చెడతారు. పైన రెండు పిచికారీలు కొడితే చాలదు, మూత్రం ఎంత లోతుకు, ఎంత వెడల్పుకు పోయిందో ఎంజైమ్ కూడా అంత పోవాలి. తడి ఆరితే దాని పని ఆగిపోతుంది. సీసా మీద రాసినంత సేపు ప్లాస్టిక్ కప్పి ఉంచండి. తర్వాత నిలువునా నిలబెట్టి ఫ్యాన్ గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. అప్పటికీ వాసన ఉంటే ఫోమ్ మార్చడమే, గుడ్డ దండగ కాకుండా ఉంటుంది.

అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడకండి, పిల్లికి అది మూత్రం వాసనలా తోచి మళ్ళీ అక్కడికే వస్తుంది. బ్లీచ్ అసలే వద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే వాయువులు పుట్టిస్తుంది.

ముందుజాగ్రత్త సులువు. ఫోమ్‌కీ వెల్వెట్‌కీ మధ్య, పరుపు కవర్లకు వాడే లాంటి నీరు చొరబడని పల్చటి గుడ్డతో ఇంకో తొడుగు వేయించండి. మందపాటి ప్లాస్టిక్ షీటు వద్దు, గాలి పోక కుషన్ బుడగలా ఉబ్బుతుంది, కూర్చుంటే చప్పుడు చేస్తుంది.

ఒక్క మాట, సోఫాతో సంబంధం లేనిది. అలవాటు తప్పని పిల్లి హఠాత్తుగా తన చోట కాకుండా వేరే చోట మూత్రం పోస్తుంటే అది గుడ్డ సమస్య కాకపోవచ్చు. మగ పిల్లి పదే పదే ముక్కుతూ చుక్క చుక్కగా పోస్తున్నా, అసలు రాకపోయినా మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. మరక తుడుస్తూ కూర్చోకండి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: కుక్క చొంగ కారిన చోట తెల్లటి గట్టి మచ్చలు. తుడిస్తే మచ్చ పోయి దాని చుట్టూ పెద్ద వలయం వచ్చింది.

జవాబు: ఆ వలయం నీళ్ళ అంచు. నీరు బయటి వైపు ఆరుతూ తనతో దుమ్మునీ లవణాల్నీ అంచుకు మోసుకుపోతుంది. మచ్చ వరకే తడిపితే ఎప్పుడూ ఇదే జరుగుతుంది. 250 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి బాగా గిలక్కొట్టండి. పైన వచ్చే నురగ మాత్రమే స్పాంజికి తీసుకుని మచ్చ మీద అద్దండి. తర్వాత సబ్బు లేని నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా ఆ ముక్క మొత్తం సమానంగా తుడవండి. అంచు కుట్టులో కలిసిపోతుంది. మీ నీళ్ళు ఉప్పగా ఉంటే బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఫ్యాన్ కింద సగం ఆరాక నూగుకు ఎదురుగా ఒకసారి, వాలుగా ఒకసారి దువ్వండి. పూర్తిగా ఆరేదాకా ఆగితే నూగు అణిగిన తీరులోనే బిగుసుకుంటుంది.

బురద పాదాలకు దీనికి సరిగ్గా ఉల్టా. తడిగా ఉండగా ముట్టుకోవద్దు. ఎండనిచ్చి వాక్యూమ్ చేస్తే ముప్పాతిక వంతు మట్టి అలాగే పోతుంది.

ప్రశ్న: కుక్క పడుకునే చోట గుంటలా మెరుస్తోంది. ఇస్త్రీ చేయవచ్చా?

జవాబు: ఇస్త్రీపెట్టె తగిలితే పాలిస్టర్ నూగు కరిగి ఆ మెరుపు శాశ్వతమవుతుంది. ఆవిరి యంత్రాన్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకుని, ఒక చోట నిలపకుండా కదుపుతూ పట్టండి. నూగు తడవకూడదు, తేమ తగిలితే చాలు. వెంటనే మెత్తటి బ్రష్‌తో ఎదురుగా లేపండి. ఆ చోట ముందు జిడ్డూ మూత్రమూ లేవని చూసుకోండి, ఉంటే ఆవిరి వాటిని లోపలికి పంపుతుంది. విస్కోస్‌కి ఆవిరి వద్దు. ఇక వారానికోసారి కుషన్లు చోటు మార్చండి, గుంట ఒకే చోట పడదు.

ప్రశ్న: గోరు తగిలి ఒక కుచ్చు పైకి లేచింది. లాగేయవచ్చా?

జవాబు: లాగకండి, పక్క కుచ్చులు కూడా వదులవుతాయి. చిన్న కత్తెరను నూగు మట్టానికి పడుకోబెట్టి పైకి వచ్చినంత మేరే కోయండి. మూల గుడ్డ కనిపించేంత నూగు పోయి ఉంటే దాన్ని తిరిగి మొలిపించే మందు లేదు. ఆ ముక్క మార్పించాలి.

ప్రశ్న: పిల్లి గీకకుండా టీ ట్రీ నూనె కలిపిన నీళ్ళు చల్లమని సలహా ఇచ్చారు. మరక అంటని స్ప్రే కూడా కొట్టించమంటున్నారు.

జవాబు: టీ ట్రీ నూనె పిల్లులకు విషం. చర్మానికి తగిలినా, నాక్కున్నా ప్రమాదమే. గోమార్ల లాంటి ఒంటి పురుగులకని కుక్కలకు వాడే పర్మెథ్రిన్ మందూ అంతే, పిల్లి ఎక్కే సోఫా మీద చల్లకండి. రెండు వైపులా జిగురున్న టేపు పిల్లిని ఆపుతుంది గానీ దాని జిగురు నూగును పట్టుకుంటుంది. ముందు నమూనా ముక్క మీద చూడండి.

మరక అంటని స్ప్రేల్లో కొన్ని ఫ్లోరిన్ రసాయనాలతో చేసినవి. అవి పర్యావరణంలో దాదాపు విరగవు. అదే గుడ్డను గంటల తరబడి నాకే జంతువున్న ఇంట్లో వాటిని మేము సిఫారసు చేయం. పైగా స్ప్రే ఎక్కువైతే నూగు గట్టిపడుతుంది, నాలుగుసార్లు శుభ్రం చేస్తే దాని పనీ అయిపోతుంది. ఆ డబ్బుతో రెండో తొడుగు కుట్టించుకోండి. గోళ్ళు పిల్లికి రెండు మూడు వారాలకోసారి, కుక్కకు మూడు నాలుగు వారాలకోసారి కొన మాత్రం కత్తిరిస్తే ఏ స్ప్రే కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ప్రశ్న: నాలుగు నెలల కుక్కపిల్ల. పడుకునే ముందు సోఫాని రెండు కాళ్ళతో తవ్వుతుంది, మూలలు కొరుకుతుంది. ఏ వెల్వెట్ వేయించాలి?

జవాబు: ఇప్పుడు ఏదీ వద్దు. పిల్లి గోరు తగులుకుంటుంది, కుక్క గోరు తవ్వుతుంది. మొద్దు గోళ్ళతో ఒకే చోట పదే పదే తవ్వితే ఎంత చిక్కటి నూగైనా అరుగుతుంది. పళ్ళకైతే ఏ గుడ్డా ఆగదు. పాల పళ్ళు రాలి కొత్తవి రావడం ఆరేడు నెలలకు పూర్తవుతుంది, కొరుకుడు మాత్రం ఇంకొన్ని నెలలు సాగవచ్చు. ఏడాది నిండేదాకా పాత గుడ్డతోనే నడపండి. ఈలోగా సోఫాలో అది ఎంచుకున్న చోట ఒక మందపాటి దుప్పటిని వెనక్కి దోపి పరవండి, తవ్వుకోవడానికి అదే దాని చోటని అలవాటవుతుంది. వెల్వెట్ వేయించాక కూడా ఆ దుప్పటి అక్కడే ఉండాలి. వారానికోసారి ఉతుకుతుంటే కింద నూగుకు జిడ్డు పట్టదు.